పాదరసానికి మాట నేర్పిన ఫారన్‌హీట్

మన తెలుగు ఇళ్ళలో ఒక చిత్రమైన అలవాటు ఉంది. ఎండకు ఒక లెక్క, జ్వరానికి మరొక లెక్క. రోహిణీ కార్తెలో రెంటచింతలలో 45 డిగ్రీలు దాటిందట అని వార్తల్లో వింటే అమ్మో అనుకుంటాము. అదే ఇంట్లో పిల్లవాడికి ఒళ్ళు కాలితే, 102 ఉందండీ అని డాక్టరుగారికి చెబుతాము. 45 డిగ్రీల ఎండకే వడదెబ్బ తగులుతుంటే, 102 డిగ్రీల ఒంటితో ఆ పసివాడు ఎలా ఉన్నాడని ఎవరూ అడగరు. అడగవలసిన అవసరమూ రాదు. ఎండ ఒక కొలతలో, జ్వరం ఇంకొక కొలతలో నడుస్తాయని, వాటి పేర్లు తెలియకపోయినా, మన బామ్మలకు కూడా తెలుసు.

ఆ పేర్లు సెల్సియస్, ఫారన్‌హీట్. రెండూ మనుషుల పేర్లే. వీరిలో సెల్సియస్‌ను గురించి పాఠ్యపుస్తకాలు కాస్త మర్యాదగానే మాట్లాడతాయి. ఫారన్‌హీట్ పేరు వచ్చేసరికి విద్యార్థి లోకానికి గుర్తుకొచ్చేది ముప్పైరెండు తీసెయ్యి, ఐదుతో గుణించు, తొమ్మిదితో భాగించు అనే సూత్రం ఒక్కటే. మంచు కరిగేచోట హాయిగా సున్నా పెట్టక 32 పెట్టిన ఈ పెద్దమనిషికి ఏం పుట్టిందని పరీక్షల ముందు రాత్రి విసుక్కునేవారు మన హాస్టల్లో కావలసినంతమంది. భౌతికశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి కనుక ఆ విసుగు నేను తరచు వింటూ ఉంటాను. అందుకే ఈ వార్షిక సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆ మనిషి కథే రాద్దామనుకున్నాను. ఆయన పెట్టిన అంకెలను లోకం మరచిపోయినా ఫరవాలేదు. ఆయన చేసిన పనిని మాత్రం మరచిపోకూడదని నా అభిప్రాయం. అంకెలు వేరు, పని వేరు. ఆ తేడా చెప్పడానికే ఈ వ్యాసం.

డేనియల్ గాబ్రియెల్ ఫారన్‌హీట్ 1686 మే 24న బాల్టిక్ సముద్రతీరంలోని డాన్‌జిగ్ అనే రేవుపట్టణంలో జన్మించాడు. ఈనాడు పోలండు దేశంలో గ్డాన్‌స్క్ అని పిలిచే ఊరు అదే. తండ్రి వర్తకుడు. తల్లి కూడా ఆ ఊరి కలిగిన కుటుంబాలలో ఒకదాని ఆడపడుచు. బతికి బట్టకట్టిన ఐదుగురు పిల్లల్లో డేనియల్ పెద్దవాడు. ఓడలు, సరుకులు, చిట్టాపద్దులు, తూనికరాళ్ళు, వీటి మధ్య పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక తండ్రి దుకాణంలో కూర్చోవడం తప్ప వేరే దారి ఎవరూ ఊహించి ఉండరు.

కాని 1701 ఆగస్టు 14న ఆ ఇల్లు ఒక్కసారిగా కూలిపోయింది. విషపు పుట్టగొడుగులు తిని తల్లి, తండ్రి ఇద్దరూ ఒకే రోజున మరణించారు. డేనియల్‌కు అప్పుడు 15 ఏళ్ళు. పిల్లల బాధ్యత సంరక్షకుల చేతికి వచ్చింది. చిన్నవాళ్ళు నలుగురినీ తెలిసినవారి ఇళ్ళలో పెట్టారు. పెద్దవాడిని వర్తకం నేర్చుకోమని హాలండు దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి పంపించారు. తల్లిదండ్రుల కర్మ జరిగిన కొద్దికాలానికే తోబుట్టువులను, ఊరిని విడిచి, పరాయిదేశంలో పద్దులు రాయడానికి కూర్చున్న ఆ కుర్రవాడి మనసులో ఏముందో ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన చూపు మాత్రం పద్దుల పుస్తకం మీద నిలవలేదని చరిత్ర చెబుతున్నది.

ఆ రోజుల్లో ఆమ్‌స్టర్‌డామ్ సరుకులకే కాదు, శాస్త్ర పరికరాలకు కూడా పెద్ద అంగడి. వాతావరణ పీడనాన్ని చూపే బారోమీటర్లు, వేడిని చూపే ధర్మామీటర్లు అక్కడ అమ్మకానికి దొరికేవి. కలిగినవాళ్ళు వాటిని గోడకు వేలాడదీసుకుని వచ్చినవారికి చూపించి ముచ్చటపడేవారు. డేనియల్ మనసు ఆ గాజుగొట్టాల మీదికి పోయింది.

ఇక్కడ ఆనాటి ధర్మామీటరు సంగతి కాస్త చెప్పుకోవాలి. అది తెలియకపోతే ఈ మనిషి ఏం సాధించాడో అర్థం కాదు.

వేడి తగిలితే ద్రవం వ్యాకోచిస్తుంది, సన్నటి గొట్టంలో పైకి ఎక్కుతుంది. ఈ సంగతి 17వ శతాబ్దంలోనే అందరికీ తెలుసు. ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో మూసిన గొట్టంలో ఆల్కహాలు పోసి చక్కటి ధర్మామీటర్లు చేశారు. గొట్టం మీద గీతలు కూడా పెట్టారు. కాని ఆ గీతలకు అర్థమేమిటి? ఒకరి ధర్మామీటరులో 40 అంటే ఎంత వేడో మరొకరి ధర్మామీటరు చెప్పలేదు. గొట్టం లోపలి సందు ఒకచోట సన్నం, ఒకచోట లావు. బుడ్డి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆల్కహాలు ఒకచోట చిక్కన, ఒకచోట పలచన. ఎవరి గీతలు వారివి, ఎవరి సున్నా వారిది. న్యూటనంతటివాడు 1701లో అవిసెనూనెతో ఒక కొలమానం చేసి, మంచుకు సున్నా, మనిషి ఒంటి వేడికి 12 అని పెట్టాడు. అదీ అందరికీ అలవాటు కాలేదు.

మన దేశంలో మెట్రిక్ తూనికలు రాకముందు సేరు, మానిక, వీశె ఉండేవి కదా. ఒక ఊరి సేరు మరో ఊరి సేరుతో సరిపడేది కాదు. అయితే బియ్యం విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ఈ సేరుతో కొలిచి, ఆ సేరులో పోసి, తేడా కళ్ళారా చూసుకోవచ్చు. నిన్నటి చలిని తీసుకుపోయి ఇవాళ్టి గొట్టంలో పొయ్యలేము. పారిస్‌లో చలి ఎక్కువా, లండన్‌లో చలి ఎక్కువా అంటే ఇద్దరూ ధర్మామీటర్లు చూసి చెరొక అంకె చెప్పేవారు. ఆ అంకెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు. అంటే శాస్త్రానికి కళ్ళున్నాయి గాని భాష లేదు. వాతావరణ శాస్త్రం పుట్టాలంటే ముందుగా రెండు ఊళ్ళ ధర్మామీటర్లు ఒకే మాట చెప్పాలి.

ఈ చిక్కుముడి కుర్ర ఫారన్‌హీట్‌ను పట్టుకుంది. నాలుగేళ్ళ శిక్షణ ముగిశాక ఆయన వర్తకంలో చేరలేదు. పరికరాలు చేయించడంలో పడ్డాడు. సంరక్షకులకు మండింది. వాళ్ళ తప్పు కూడా ఏముంది, చచ్చిపోయిన స్నేహితుడి కొడుకు గాజుగొట్టాల వెంట పడి చెడిపోతున్నాడనే వాళ్ళు అనుకుని ఉంటారు. కుర్రవాణ్ణి పట్టి డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో పడెయ్యాలని వారంటు పుట్టించారు. ఆ కంపెనీకి ఆ రోజుల్లో మన మచిలీపట్నంలోనూ, భీమునిపట్నంలోనూ స్థావరాలు ఉండేవి. ఆ వారంటు అమలై ఉంటే ఫారన్‌హీట్ ఏ బటేవియాలోనో, లేక మన కోస్తాలోనే ఒక గిడ్డంగిలోనో బట్టల మూటలు లెక్కపెట్టే గుమాస్తాగా ముగిసి ఉండేవాడేమో! అలా జరగలేదు. 1707 ప్రాంతాన ఆయన దేశాలు పట్టుకు తిరగడం మొదలుపెట్టాడు. జర్మనీ, స్వీడన్, డెన్మార్కు, ఎక్కడ పండితుడున్నాడంటే అక్కడికి, ఎక్కడ మంచి గాజు పనివాడున్నాడంటే అక్కడికి.

1708లో కోపెన్‌హాగెన్‌లో ఓలె రోమర్‌ను కలుసుకున్నాడు. కాంతికి వేగం ఉందని, అది క్షణంలో అంతటా వ్యాపించదని 1676లోనే నిరూపించిన మహానుభావుడు ఈ రోమరే. ఆ నగర పాలనలో పెద్ద అధికారి కూడా. ఒక పక్క వారంటు భయం, ఒక పక్క విద్యాదాహం, ఈ రెండూ మోసుకుని వచ్చిన 22 ఏళ్ళ యువకుడికి రోమర్ తాను ధర్మామీటర్ల మీద గీతలు పెట్టే పద్ధతి చూపించాడు. గీతలు ఇష్టం వచ్చినట్టు పెట్టకూడదు. ప్రకృతిలో ఎక్కడైనా, ఎప్పుడైనా ఒకేలా ఉండే స్థానాలను పట్టుకుని, వాటి మధ్య భాగాలు చెయ్యాలి. రోమర్ లెక్కలో మంచు కరిగే వేడి ఏడున్నర, ఒంటి వేడి ఇరవైరెండున్నర, నీళ్ళు మరిగే వేడి 60.

ఫారన్‌హీట్‌కు దారి దొరికింది. ఏడున్నర, ఇరవైరెండున్నర అనే సగం అంకెలు ఆయనకు నచ్చలేదు. ప్రతి భాగాన్నీ నాలుగు చేశాడు. అప్పుడు మంచుకు 30, ఒంటికి 90 వచ్చాయి. తరువాత వాటినీ సవరించి 32, 96 చేశాడు. మనం విసుక్కునే 32 పుట్టింది ఇక్కడే. దీనిలో పిచ్చి ఏమీ లేదు. 96 లోంచి 32 తీసివేస్తే 64. ఆ 64ను సగం చేస్తే 32, మళ్ళీ సగం 16, తరువాత 8, 4, 2, 1. కొలబద్ద మీద రెండు గుర్తులు పెట్టుకుని, మధ్యకు మధ్యకు ఆరుసార్లు చీల్చుకుంటూ పోతే సరిగ్గా ఒక్కొక్క డిగ్రీ వచ్చేస్తుంది. చేత్తో గీతలు గీసే పనివాడికి వందను పది భాగాలు చెయ్యడం కన్న సగానికి సగం చెయ్యడం ఎంత సులువో వడ్రంగిని అడిగితే చెబుతాడు. మన అణాల లెక్క కూడా ఆ సగాల సంప్రదాయానిదే గదా, రూపాయికి 16 అణాలు.

మరి సున్నా ఎక్కడిది? 1708-09 శీతకాలంలో ఐరోపా అంతా గడ్డకట్టిపోయింది. ఆ చలికాలంలో డాన్‌జిగ్‌లో నమోదైన అతి శీతలమే సున్నా అని ఒక కథ చెప్పుకుంటారు. ఆయన తరువాత స్వయంగా రాసింది వేరు. మంచు, నీరు, నవాసారం లేదా సముద్రపు ఉప్పు కలిపిన మిశ్రమంలో ధర్మామీటరు దిగే చోటే సున్నా. ఐస్‌క్రీము బండివాడు మంచుగడ్డలో ఉప్పు వేసి చలిని పెంచే ఉపాయం లాంటిదే ఇది. ఈ ప్రయోగం వేసవిలో కంటె శీతకాలంలో బాగా కుదురుతుందని కూడా ఆయనే రాశాడు. సున్నాను అంత కిందికి దించడంలో ఒక లాభం ఉంది. ఐరోపా చలికాలంలో కూడా రోజువారీ వాతావరణం రాసుకునేటప్పుడు రుణసంఖ్యల బెడద చాలావరకు తప్పింది.

1710లో ఫారన్‌హీట్ చట్టప్రకారం మేజరయ్యాడు. మరుసటి ఏడు డాన్‌జిగ్‌కు వెళ్ళి తల్లిదండ్రుల ఆస్తి లెక్కలు చూసుకున్నాడు. దుకాణం పెట్టలేదు, ఇల్లు కట్టలేదు, పెళ్ళీ చేసుకోలేదు. బెర్లిన్, డ్రెస్‌డెన్ నగరాలకు పోయి గాజు ఊదే పనివాళ్ళ పక్కన కూర్చున్నాడు. తానే గాజు ఊదడం నేర్చుకున్నాడు.

1714లో ఆయన హాలె విశ్వవిద్యాలయంలోని క్రిస్టియన్ వుల్ఫ్ అనే ఆచార్యునికి రెండు ఆల్కహాలు ధర్మామీటర్లు ఇచ్చాడు. నా దృష్టిలో ఫారన్‌హీట్ జీవితంలో అన్నిటికన్న పెద్ద ఘట్టం ఇదే. చూడడానికి అందులో విశేషమేమీ లేదు. రెండు గాజుగొట్టాలు, అంతే. వుల్ఫ్ రెండింటినీ ఒకేచోట పెట్టి చూశాడు. రెండూ ఒకే అంకె చూపించాయి. ఎండ మారినా, చలి మారినా, ఒకటి ఏమంటే రెండోది అదే అంది. అప్పటిదాకా లోకంలో అలాంటిది అరుదు కనుక ఆ ఆచార్యుడు ఆశ్చర్యపోయి, ఆ సంగతిని లైప్‌జిగ్ నుంచి వెలువడే పండితుల పత్రికలో ప్రత్యేకంగా ప్రకటించాడు. రెండు ధర్మామీటర్లు ఏకీభవించడం ఒక వార్త! ఈనాడు మందుల దుకాణంలో ధర్మామీటరు కొని, అది నిజమే చెబుతుందని నమ్మి మనం బిడ్డ చంకలో పెడుతున్నాము. ఆ నమ్మకానికి పునాదిరాయి పడింది ఆ రెండు గొట్టాలతోనే అనవచ్చు.

ఆ తరువాత ఆయన దృష్టి పాదరసం మీద నిలిచింది. ధర్మామీటరులో పాదరసం వాడటం ఆయన కనిపెట్టింది కాదు. అంతకు ముందే కొందరు ప్రయత్నించారు. అయితే నీరు ఎప్పుడూ ఒకే వేడి దగ్గర మరుగుతుందని ఫ్రాన్సు దేశపు అమాంటన్ కనుగొన్నట్లు చదివి, ఆ వేడిని కూడా చూపగల ధర్మామీటరు తన చేత్తో చెయ్యాలని ఫారన్‌హీట్‌కు పట్టుదల కలిగింది. ఆల్కహాలుతో అది కష్టం, నీటికంటే ముందే అది మరిగిపోతుంది. పాదరసం అలా కాదు. నీరు గడ్డకట్టే చలిలోనూ అది ద్రవమే, నీరు మరిగే వేడిలోనూ ద్రవమే. గాజును తడపదు, వేడిని త్వరగా అందుకుంటుంది. చిక్కల్లా దాన్ని శుభ్రం చెయ్యడంలోనూ, వెంట్రుక వంటి గొట్టంలో గాలిబుడగ లేకుండా నింపడంలోనూ ఉంది. ఏళ్ళ తరబడి ఆ పనిమీదే కూర్చున్నాడు. గుండ్రటి బుడ్డికి బదులు పొడవాటి స్తూపాకారపు బుడ్డి పెట్టాడు, దానివల్ల పాదరసానికి వేడి తొందరగా తగులుతుంది.

1717 ప్రాంతంలో ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడ్డాడు. ధర్మామీటర్లు, బారోమీటర్లు, ద్రవాల సాంద్రత కొలిచే పరికరాలు చేసి అమ్మేవాడు. 1718 నుంచి రసాయన శాస్త్రం మీద ఉపన్యాసాలిచ్చేవాడు. విశ్వవిద్యాలయ పట్టా లేని మనిషి దగ్గర డబ్బిచ్చి పాఠం వినడానికి పెద్దలు వచ్చేవారు. లైడెన్ విశ్వవిద్యాలయంలోని మహావైద్యుడు బోయర్‌హావే ఆయనకు మిత్రుడయ్యాడు. ఫారన్‌హీట్‌లో ఒక లోపం కూడా చెప్పుకోవాలి. ఆయన వర్తకుడి కొడుకు. తన పనితనపు రహస్యాలను చాలా ఏళ్ళు బయట పెట్టలేదు. పెట్టినప్పుడు కూడా ఒకచోట ఒకరకంగా, మరొకచోట మరొకరకంగా చెప్పాడు. ఆ కొలమానం ఎలా పుట్టిందన్న దానిమీద పండితులు ఇన్నాళ్ళు తగువులాడుకోవడానికి అదీ ఒక కారణమే.

1724లో లండను వెళ్ళాడు. రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. ఆ సంవత్సరమే ఆ సొసైటీ పత్రికలో లాటిన్ భాషలో ఐదు చిన్న వ్యాసాలు ప్రకటించాడు. ఆయన జీవితంలో ప్రచురించినవి ఇంచుమించు అవే. అందులో ఒకటి వివిధ ద్రవాల మరుగు స్థానాల పట్టిక. వాన నీటికి ఎదురుగా 212 అని ఉంది. ఈ 212 ఆయన కావాలని పెట్టుకున్న గుర్తు కాదు. మంచుకు 32, ఒంటికి 96 పెట్టుకున్నాక, ఆ ధర్మామీటరుతో కొలిస్తే వచ్చిన అంకె.

మరొక వ్యాసం నాకు అన్నిటికన్న ఇష్టం. 1721 మార్చి నెలలో ఒక గాజుబుడ్డిలో సగం వరకు వాన నీరు పోసి, గాలి తీసేసి, మూతి మూసి, గడ్డకట్టే చలిలో రాత్రంతా బయట పెట్టాడు. తెల్లవారి చూస్తే నీరు నీరుగానే ఉంది. చలి 32కు ఎంతో దిగువన ఉన్నా గడ్డకట్టలేదు. మూతి విరిచి గాలి తగలనిచ్చేసరికి క్షణంలో నీళ్ళ నిండా మంచు ముక్కలు! గాలి వల్లనే గడ్డకట్టిందేమో అనుకున్నాడు. మళ్ళీ ఇలాగే నీటిబుడ్డి పట్టుకుని వెళుతూ మెట్లమీద కాలు తడబడ్డాడు. బుడ్డి కుదిలింది, వెంటనే మంచు కట్టింది. కుదుపు చాలన్నమాట. ఈనాడు మనం అతిశీతలీకరణం అని చదువుకునే విషయాన్ని ఆయన అలా పట్టుకున్నాడు. మామూలు మనిషి మెట్లమీద తూలితే మోకాలు చూసుకుంటాడు. ఆయన బుడ్డి చూశాడు.

ఇంకొక సంగతి కూడా గమనించాడు. నీరు మరిగే వేడి ఎప్పుడూ సరిగ్గా ఒకటే కాదు, వాతావరణ పీడనాన్ని బట్టి మారుతుంది. పీడనం తగ్గితే ముందే మరుగుతుంది. కొండమీద పప్పు సరిగ్గా ఉడకకపోవడానికి కారణం అదే, ప్రెషర్ కుక్కరులో తొందరగా ఉడకడానికీ అదే. దీన్ని తిరగేసి, నీరు మరిగే వేడిని బట్టి పీడనాన్ని చెప్పే పరికరం కూడా ఆయన ప్రతిపాదించాడు.

బోయర్‌హావే కోసం ఆయన వేడి నీటిని చల్లటి పాదరసంతో కలిపి చూసే ప్రయోగాలు కూడా చేశాడు. ఆ ఫలితాలకు అసలు అర్థం అప్పుడు ఎవరికీ తట్టలేదు. కొన్ని దశాబ్దాల తరువాత స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ వాటిని చదివి, వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అనే మహాసూత్రానికి వచ్చాడు. విశిష్టోష్ణం అని మనం మొదటి సంవత్సరంలో చదివే పాఠానికి మూలం అక్కడుంది.

ఇదే బోయర్‌హావేకు చేసి ఇచ్చిన రెండు ధర్మామీటర్లు, ఒకటి ఆల్కహాలుది, ఒకటి పాదరసానిది, పూర్తిగా ఏకీభవించలేదు. రెండు గొట్టాలను ఏకం చేసి పేరు తెచ్చుకున్న మనిషికి ఇది తలవంపు కదా! ఆయన దాన్ని దాచలేదు. రెండు గొట్టాలు రెండు దేశాల గాజుతో చేసినవని, గాజులే వేరు వేరుగా వ్యాకోచిస్తాయని కారణం చెప్పాడు. గాజుతోపాటు ద్రవాలు కూడా ఒకే తీరుగా వ్యాకోచించవని ఇప్పుడు మనకు తెలుసు. కాని తేడాను తేడాగా ఒప్పుకుని కారణం వెతకడం ఎంత గొప్ప గుణమో, ప్రాక్టికల్ రికార్డులో అనుకున్న జవాబు వచ్చేదాకా రీడింగులు దిద్దేవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

1736లో ఆయన నీళ్ళు తోడే యంత్రం ఒకటి చేసి, దాని హక్కుల కోసం హేగ్ నగరానికి వెళ్ళాడు. అక్కడే జబ్బు పడ్డాడు. సెప్టెంబరు 16న, తన 50వ ఏట, పరాయి ఇంట్లో కన్నుమూశాడు. నాలుగు రోజుల తరువాత క్లోస్టర్‌కెర్క్ అనే చర్చిలో, దిక్కులేనివారికి జరిపే నాలుగో తరగతి అంత్యక్రియలతో పాతిపెట్టారు. తండ్రి ఇచ్చిన ఆస్తి, తాను సంపాదించిన సొమ్ము, అంతా గాజులోనూ పాదరసంలోనూ పోయింది. ఆయన చేతి ధర్మామీటర్లు ఇప్పుడు కొద్దిగానే మిగిలాయి. లైడెన్‌లో బోయర్‌హావే పేరుమీద ఉన్న మ్యూజియంలో వాటిని భద్రపరిచారు.

ఆయన పోయాక ఆయన అంకెలు కూడా మారాయి. ఒంటి వేడి మనిషికీ మనిషికీ కొంచెం తేడాగా ఉంటుంది కనుక దాన్ని వదిలి, మంచు 32, మరిగే నీరు 212 అని రెండే గుర్తులు ఖాయం చేశారు. దాంతో 96 కాస్తా పైకి జరిగింది. 1868లో వుండర్‌లిష్ అనే జర్మను వైద్యుడు వేలాది రోగుల ఒంటి వేడి పరిశీలించి మామూలు వేడి 37 డిగ్రీల సెల్సియస్ అన్నాడు. దాన్ని ఫారన్‌హీట్‌లోకి మారిస్తే 98.6 వచ్చింది. మనం అంత భక్తిగా చూసే ఆ పాయింటు ఆరు ప్రకృతి రాసింది కాదు, 37ను మార్చినందువల్ల మిగిలిన చిల్లర. 98 ఉన్నా, 99 ఉన్నా కంగారు పడనక్కరలేదని డాక్టర్లు చెప్పేది అందుకే.

స్వీడన్ దేశంలో అండర్స్ సెల్సియస్ 1742లో వంద భాగాల కొలమానాన్ని ప్రతిపాదించాడు. తమాషా ఏమిటంటే ఆయన నీరు మరిగేచోట సున్నా, గడ్డకట్టేచోట 100 పెట్టాడు. 1744లో ఆయన పోయిన కొద్దికాలానికే దాన్ని తలకిందులు చేసి ఇప్పటి రూపానికి తెచ్చారు. సెల్సియస్ అనే పేరు అంతర్జాతీయంగా ఖాయమైంది 1948లో. బ్రిటిషువారు మన దేశానికి ఫారన్‌హీట్‌ను తెచ్చారు. 1956లో మెట్రిక్ తూనికలు కొలతల చట్టం వచ్చాక క్రమంగా వాతావరణ వార్తలు సెల్సియస్‌లోకి మారాయి. బ్రిటన్ వాతావరణ శాఖ కూడా 1962లో సెల్సియస్ మొదలుపెట్టింది. అమెరికాలో మాత్రం 1975లో మెట్రిక్ చట్టం చేసినా, దాన్ని ఎవరి ఇష్టానికి వారికి వదిలేశారు కనుక ఇప్పటికీ వాతావరణం ఫారన్‌హీట్‌లోనే. టెక్సాస్‌లో చదువుకునే తెలుగు కుర్రవాడు ఇక్కడ ఇవాళ 100 డిగ్రీలమ్మా అని ఫోనులో చెబితే ఇక్కడ తల్లి గుండె ఝల్లుమంటుంది. అది మన 38కి కాస్త తక్కువే. మన ఏప్రిల్ ఎండకన్న ఎక్కువేమీ కాదు. ఆ లెక్కన 40 డిగ్రీల మన ఎండా, 104 డిగ్రీల మన జ్వరమూ సరిగ్గా ఒకే వేడి.

విద్యార్థి మిత్రులకు ఇంకొక్క మాట. 32 తీసివేయడం ఉష్ణోగ్రతను మార్చేటప్పుడే గాని, ఉష్ణోగ్రతల తేడాను మార్చేటప్పుడు కాదు. భూగోళం సగటు వేడి 1.5 డిగ్రీలకు మించి పెరగకుండా చూడాలని 2015లో పారిస్‌లో దేశాలు అనుకున్నాయి. అది ఫారన్‌హీట్‌లో 2.7 డిగ్రీల పెరుగుదల. సూత్రంలో గుడ్డిగా వేస్తే దాదాపు 35 వస్తుంది, భూమి భస్మమైపోతుంది! ప్రమాణం చెప్పని అంకె ఎంత పని చేస్తుందో 1999లో అమెరికా అంతరిక్ష శాస్త్రజ్ఞులకు తెలిసివచ్చింది. ఒక బృందం పౌండ్లలో లెక్క ఇస్తే మరొక బృందం న్యూటన్లనుకుంది. అంగారకుడి వాతావరణం చూడబోయిన నౌక కాస్తా ఆ గ్రహం దగ్గరే నాశనమైంది.

పాదరసం కూడా ఇప్పుడు వెళ్ళిపోతున్నది. అది విషమని గ్రహించి, 2013లో మినమాటా ఒడంబడికతో దేశాలు దాని వాడకం తగ్గించుకోవడానికి పూనుకున్నాయి. వైద్యుల చేతుల్లో డిజిటల్ ధర్మామీటర్లు వచ్చాయి. అంటే ఫారన్‌హీట్ గీతలు పోయాయి, 96 పోయింది, పాదరసం పోతున్నది, చాలా దేశాల్లో కొలమానమే పోయింది. మరి మిగిలిందేమిటి?

మిగిలింది ఆ 1714 నాటి ఒడంబడిక. ఇద్దరు మనుషులు వేర్వేరు చోట్ల, వేర్వేరు పరికరాలతో, ఒకరి నొకరు చూడకుండా కొలిచినా ఒకే జవాబు రావాలి. రాకపోతే ఎందుకు రాలేదో నిజాయితీగా వెతకాలి. సున్నా ఎక్కడ పెట్టావన్నది తరువాతి మాట. విశాఖపట్నం చలినీ, హైదరాబాదు చలినీ పక్కపక్కన రాసి పోల్చగలుగుతున్నామన్నా, నిన్నటి జ్వరం ఇవాళ తగ్గిందని తల్లి ఊపిరి పీల్చుకుంటున్నదన్నా, దానివెనుక ఈ ఒడంబడిక ఉంది. దానికోసం ఒక అనాథ కుర్రవాడు సుఖమైన దుకాణాన్ని, పుట్టిన ఊరిని వదులుకున్నాడు. చివరకు నాలుగో తరగతి సమాధిలోకి చేరాడు. 32 తీసెయ్యవలసి వచ్చినప్పుడు విసుక్కోవడం మన హక్కే, కాదనను. ఆ విసుగు అంకెమీదనే ఉంచి, మనిషికి మాత్రం ఒక నమస్కారం చేద్దాము.